రెండు మాటల నడుమ గీత

"మీరు తెలుగువాళ్ళా, ముస్లింలా?"

ఈ ప్రశ్న అడిగేవాళ్ళలో చెడ్డవాళ్ళు తక్కువ. ఇల్లు అద్దెకిచ్చే పెద్దావిడ అడుగుతుంది. రైల్లో ఎదురు సీటు పెద్దాయన టిఫిన్ డబ్బా విప్పుతూ అడుగుతాడు. పిల్లల్ని బడిలో చేర్చబోతే గుమాస్తా తలెత్తకుండానే అడుగుతాడు. పల్లెటూళ్ళలో అయితే ఇంకా సూటిగా "తెలుగోళ్ళా, సాయిబులా?" అంటారు. ఎవరి గొంతులోనూ ద్వేషం ఉండదు. ఉన్నదల్లా ఆ రెండు మాటల మధ్య కనపడని ఒక 'లేక'.

మాటకు మాట తూచి చూస్తే ఈ ప్రశ్నకు అర్థమే లేదు. ఒకటి భాష, రెండోది మతం. "మీరు పొడుగువాళ్ళా, బెజవాడవాళ్ళా?" అని అడిగినట్టుంటుంది. అయినా అడిగినవాళ్ళకీ అర్థమవుతుంది, విన్నవాళ్ళకీ అర్థమవుతుంది. ఎందుకంటే 'తెలుగు' అనే మాటలో 'హిందూ' అనే మాట చప్పుడు లేకుండా కలిసిపోయి ఉంది. ఆ కలయికకు గీత అక్కర్లేదు, విశేషణం అక్కర్లేదు, నిరూపణ అక్కర్లేదు. 'హిందూ తెలుగువాడు' అని ఎవరూ చెప్పుకోరు. గీత గీసుకుని ఇటో అటో నిలబడాల్సింది మనమే.

"రెండూనండీ" అని జవాబిస్తే పెద్దాయన ఒక క్షణం ఆగి, "మీ తెలుగు చాలా బాగుందే!" అని మెచ్చుకుంటాడు. ప్రశ్నకన్నా ఆ మెచ్చుకోలు బరువెక్కువ.

ఉర్దూ వార్తను తెలుగులోకి, తెలుగు వార్తను ఉర్దూలోకి మార్చటం నా బతుకుతెరువు. కామా ఎక్కడ పెట్టాలి, గీత ఎక్కడ గీయాలి అన్నది మా డెస్కు మీద రోజువారీ తగువు. అందుకే రెండు మాటల మధ్య పెట్టే ఆ చిన్న అడ్డగీత గురించి, పత్రికాఫీసుల్లో మేము హైఫన్ అని పిలిచే దాని గురించి, నాలుగు మాటలు రాయాలనిపించింది. 'హిందూ-ముస్లిం ఐక్యత' అని రాసినా ఆ గీతే, 'హిందూ-ముస్లిం గొడవలు' అని రాసినా ఆ గీతే. రెండు పనులకీ మా దగ్గర ఉన్నది ఒకటే గుర్తు.

హైఫన్ గ్రీకు మాట. 'ఒకదాని కింద', అంటే కలిపి, అని దాని అర్థం. రెండు మాటల్ని ఒకటిగా చదవమని చెప్పటానికి పూర్వం గ్రీకు రాతల్లో అక్షరాల అడుగున విల్లులా వంచిన గీత గీసేవాళ్ళట. తర్వాత అచ్చు వచ్చింది. 1455 ప్రాంతంలో గూటెన్‌బర్గ్ బైబిలు అచ్చువేసినప్పుడు పంక్తి చివర పట్టని మాటను విరిచి, విరిగిన చోట వాలుగా రెండు చిన్న గీతలు పెట్టాడు. అప్పటినుంచీ ఈ గుర్తు రెండు ఉద్యోగాలు చేస్తోంది. రెండు మాటల్ని కలుపుతుంది, ఒక మాటను విరుస్తుంది. ఏది ఎప్పుడు చేస్తోందో గీతను చూసి చెప్పలేం. చుట్టూ ఉన్న మాటల్ని చూసి చెప్పాలి.

మన తాటాకు పుస్తకాలకి ఈ బాధ లేదు. మాటకీ మాటకీ ఎడం లేకుండా రాసుకుపోయారు. ఎక్కడ విరవాలో, ఎక్కడ కలపాలో చదువరికి తెలిసి ఉండాలి. ఉర్దూ కాతిబ్ అయితే పంక్తి చివర మాటను విరగ్గొట్టడు. చోటు మిగిలితే అక్షరాన్ని సాగదీస్తాడు. దాన్ని కషీదా అంటారు. నా మటుకు నాకు ఆ పద్ధతి మర్యాదైందిగా కనిపిస్తుంది.

మాటల్ని కలపటానికి ఉర్దూలో ఉన్న పద్ధతి ఇంకా ముచ్చటైంది. 'దీవానె ఆమ్' అంటాం, 'దర్దె దిల్' అంటాం. మధ్యలో పలికే ఆ 'ఎ' కారాన్ని ఇజాఫత్ అంటారు. రాతలో అది మొదటి మాట చివరి అక్షరం కింద ఒక చిన్న వాలుగీత. దాని పేరు జేర్. చాలాసార్లు అదీ రాయరు. రెండు మాటలూ పక్కపక్కన ఉంటాయంతే. వాటి మధ్య బంధం ఉందని చదివేవాడే గ్రహించి పలకాలి. అదే దీవానె ఆమ్‌ని ఇంగ్లిషులో రాయండి, ఇటొక హైఫన్, అటొక హైఫన్ వచ్చి కూర్చుంటాయి. తన ఇంట్లో గొంతులో మాత్రమే ఉన్న బంధం పొరుగింటి గడప తొక్కగానే కంటికి కనపడే గీతగా మారిపోయింది. ఎవరికి తెలియదో వాళ్ళకోసమే గీత గీయాల్సి వస్తుంది.

ఈ గీత మీద పెద్ద రాద్ధాంతం చేసిన దేశం అమెరికా. 1915 అక్టోబరు 12న న్యూయార్కు కార్నెగీ హాలులో, నైట్స్ ఆఫ్ కొలంబస్ అనే కాథలిక్ సంఘం సభలో మాజీ అధ్యక్షుడు థియొడర్ రూజ్‌వెల్ట్ ప్రసంగించాడు. హైఫన్ పెట్టుకునే అమెరికనిజానికి ఈ దేశంలో చోటు లేదన్నాడు. యూరప్‌లో యుద్ధం నడుస్తున్న రోజులవి. జర్మన్-అమెరికన్లు, ఐరిష్-అమెరికన్లు ఎవరి పక్షమో అన్న అనుమానం గాలిలో ఉంది. నాలుగేళ్ళ తర్వాత, 1919 సెప్టెంబరులో, కొలరాడో రాష్ట్రం ప్యూబ్లోలో అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ ఇంకో మెట్టు ఎక్కాడు. హైఫన్‌ను వెంట మోసుకు తిరిగేవాడు ఈ రిపబ్లిక్‌ను పొడవటానికి బాకు మోసుకు తిరుగుతున్నట్టేనన్నాడు. చిన్న అడ్డగీత కాస్తా బాకైంది!

ఈ రెండు ప్రసంగాల మధ్య, 1918 ఏప్రిల్‌లో, ఇల్లినాయ్ రాష్ట్రం కాలిన్స్‌విల్ అనే ఊళ్ళో రాబర్ట్ ప్రాగర్ అనే జర్మన్ వలస కార్మికుణ్ణి మూక పట్టుకుంది. అతను అమెరికా నౌకాదళంలో చేరతానని వెళ్ళినవాడే. వాళ్ళు తీసుకోలేదు. మూక అతన్ని వీధుల్లో నడిపించింది. దేశభక్తి గీతాలు పాడమంది, పాడాడు. జెండాను ముద్దుపెట్టుకోమంది, పెట్టుకున్నాడు. అన్నీ చేయించుకుని ఊరవతల చెట్టుకు ఉరితీసింది. కేసు నడిచింది, నిందితులందరూ నిర్దోషులుగా బయటికి వచ్చారు.

ఇక్కడ కాస్త ఆగాలి. ప్రాగర్ అడిగినవన్నీ చేశాడు. ఒక్కటి కూడా కాదనలేదు. గీత చెరుపుకో, మాలో కలిసిపో, నిన్నెవరూ ఏమీ అనరు అని సలహా చెప్పే మంచివాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. నిరూపించమని అడిగేవాడి చేతిలో ప్రశ్నపత్రం ఉంటుంది గాని పాసుమార్కు ఉండదు. పాట పాడితే గొంతు సరిపోలేదంటాడు. జెండా ఎగరేస్తే ఎత్తు చాలదంటాడు. మన దేశంలో గత కొన్నేళ్ళుగా దారికాచి నినాదాలు పలికించిన మూకల గురించి వార్తలు తర్జుమా చేసిన చేయి నాది. పలికినవాళ్ళు కూడా దెబ్బలు తిన్నారు.

రూజ్‌వెల్ట్ పూర్వీకులు డచ్చివాళ్ళు. ఆయన్ని డచ్-అమెరికన్ అని ఎవరూ అనలేదు. ఇంగ్లండు నుంచి వచ్చినవాళ్ళ సంతానాన్ని ఇంగ్లిష్-అమెరికన్ అనటమూ పెద్దగా వినం. వాళ్ళు ఉత్త అమెరికన్లు. గీత ఎవరికి ఉందో చూడటం తేలిక. ఎవరికి లేదో చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. వందేళ్ళు గడిచాక, 2019లో, పత్రికలకు ప్రమాణంగా భావించే అసోసియేటెడ్ ప్రెస్ వారి శైలి పుస్తకం ఆఫ్రికన్ అమెరికన్, ఏషియన్ అమెరికన్ వంటి మాటల మధ్య హైఫన్ తీసేసింది. గీత ఉంటే సగం అమెరికన్ అన్నట్టుంటుంది, గీత తీస్తే మొదటి మాట మామూలు విశేషణం అవుతుంది అన్నది వాదన. మంచిదే. పత్రికలో గీత పోయింది. విమానాశ్రయంలో పక్కకు రమ్మని పిలిచే వేలు పోయిందా అన్నది వేరే సంగతి.

అమెరికాలో గీత తీసేయమన్నవాళ్ళు బలవంతులు. సరిగ్గా తలకిందులైన కథ చెకొస్లొవేకియాలో జరిగింది. 1989లో అక్కడ కమ్యూనిస్టు ప్రభుత్వం కూలింది. దేశం పేరులోంచి 'సోషలిస్టు' అన్న మాట తీసేద్దామని కూర్చున్నారు. కూర్చున్నాక అసలు తగువు బయటపడింది. స్లొవాక్ సభ్యులు మాకు హైఫన్ కావాలన్నారు. చెకొ-స్లొవేకియా అని రాయండి, మా పేరు కూడా పెద్దక్షరంతో మొదలవ్వాలి, మీ మాటకు మేము తోకలం కాదు అన్నారు. చెక్‌లకు ఆ గీత గిట్టలేదు. 1938లో మ్యూనిక్ ఒప్పందం కింద హిట్లర్ దేశాన్ని కోసుకున్న తర్వాత మిగిలిన ముక్కకు పెట్టిన పేరులో ఆ గీత ఉంది. ఒకరికి గౌరవంగా కనిపించింది మరొకరికి గాయంగా కనిపించింది. 1990 మార్చిలో విచిత్రమైన రాజీ కుదిరింది. చెక్ భాషలో గీత లేకుండా, స్లొవాక్ భాషలో గీతతో రాసుకోవచ్చని! నెల తిరక్కుండానే దాన్నీ మార్చి 'చెక్, స్లొవాక్ ఫెడరేటివ్ రిపబ్లిక్' అన్నారు. 1993 జనవరి 1న రెండు దేశాలయ్యాయి. ప్రపంచ పత్రికలు ఆ తగువుకు 'హైఫన్ యుద్ధం' అని పేరు పెట్టి నవ్వుకున్నాయి.

తెలుగువాళ్ళు మాత్రం నవ్వకూడదు. 1956లో హైదరాబాదు రాష్ట్రంలోని తెలంగాణను ఆంధ్ర రాష్ట్రంతో కలిపినప్పుడు ముసాయిదా బిల్లులో కొత్త రాష్ట్రం పేరు 'ఆంధ్ర-తెలంగాణ'. పార్లమెంటు సంయుక్త సంఘం దాన్ని ఆంధ్రప్రదేశ్ చేసింది. పెద్దమనుషుల ఒప్పందం దగ్గర తెలంగాణ నాయకులు పాత పేరే ఉంచమన్నారు, ఆంధ్ర నాయకులు ఒప్పుకోలేదు. గీతతో పాటు గీత తర్వాతి మాట కూడా పోయింది. 2014 జూన్ 2న ఆ మాట వేరే రాష్ట్రమై తిరిగొచ్చింది. గీత ఉంటే కలిసి ఉండేవాళ్ళని నేనటం లేదు, అంత అమాయకత్వం లేదు. నీళ్ళు, ఉద్యోగాలు, నిధుల లెక్క వేరు. అయితే పేరులో చోటివ్వనివాళ్ళు వాటాలో చోటిస్తారా అని ఒక తరం అడిగింది. అలా అడిగే హక్కు పేరులోంచే పుట్టింది. తెలంగాణ సోదరుడికి ముస్లిం బాధ చెప్పాలంటే నేను ఈ ఉదాహరణతోనే మొదలుపెడతాను. వెంటనే పట్టుకుంటాడు.

మన దేశపు ముస్లింలు ఈ రెండు మాటల లెక్క ఎలా చేసుకున్నారు? 1930 నవంబరులో లండన్ రౌండ్ టేబుల్ సమావేశంలో మౌలానా ముహమ్మద్ అలీ జౌహర్ ఒక రేఖాగణితం చెప్పాడు. నేను ఒకే కొలత గల రెండు వృత్తాలకు చెందినవాణ్ణి, ఒకటి హిందుస్తాన్, ఒకటి ముస్లిం ప్రపంచం, వాటి కేంద్రాలు వేరు, రెంటిలో దేన్నీ వదులుకోలేను అన్నాడు. రెండు నెలలు తిరక్కముందే లండన్‌లోనే చనిపోయాడు. జెరూసలేంలో ఖననం చేశారు. 1940 మార్చిలో రాంగఢ్ కాంగ్రెసు అధ్యక్షపీఠం నుంచి మౌలానా ఆజాద్ ఇదే లెక్క ఇంకోలా చేశాడు. పదమూడు వందల ఏళ్ళ ఇస్లాం వారసత్వంలో రవ్వంత కూడా వదులుకోను, భారతీయ జాతీయత అనే విడదీయరాని భవనంలో నేను లేకపోతే అది పూర్తి కాదు అన్నాడు. ఆ ప్రసంగంలో నాకు నచ్చేది దాని స్వరం. ఇల్లు అద్దెకడిగేవాడి గొంతు కాదది. ఇంటికి దూలం ఎత్తినవాడి గొంతు.

కానీ ఆ రోజుల్లోనే 'జాతీయవాద ముస్లిం' అనే మాట కూడా చలామణీలో ఉంది. ఆజాద్ లాంటివాళ్ళని మెచ్చుకోలుగా అలా అనేవాళ్ళు. మెచ్చుకోలులోనే ముల్లుంది చూడండి. కొందరు ముస్లింల ముందు జాతీయవాద అని పెడితే, పెట్టనివాళ్ళంతా ఏమైనట్టు? మాటల్ని తిరగేసి 'హిందూ జాతీయవాది' అనండి, అర్థం పూర్తిగా మారిపోతుంది. అక్కడ ఒకరు తమ దేశభక్తి రుజువు చేసుకోవటం లేదు. దేశం ఎవరిదో చెపుతున్నారు. అవే రెండు మాటలు. ఏది ముందు, ఏది వెనక, ఎవరు పెట్టారు అన్నదాన్ని బట్టి ఒకటి సంజాయిషీ, ఇంకొకటి పట్టా.

ఇంటి పక్కనే జరిగిన ఒక సంగతి కూడా చెప్పుకోవాలి. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ', 1998లో 'జల్‌జలా' సంకలనం వచ్చినప్పుడు తెలుగు కవులు తమ పేరు ముందు ముస్లిం అన్న మాట తామే పెట్టుకున్నారు. అంతకు కొంచెం ముందే దళిత కవులు ఆ దారి తొక్కి ఉన్నారు. కవికి కులమతాలేమిటండీ అని అప్పుడు చాలామంది పెద్దలు నొచ్చుకున్నారు. నొచ్చుకున్నవాళ్ళలో చాలామంది పేర్ల చివర శర్మలు, రెడ్లు, చౌదరులు గీత కూడా లేకుండా అతుక్కుని ఉండటం వాళ్ళకు కనపడలేదు. తగిలించిన విశేషణం వేరు, తొడుక్కున్న విశేషణం వేరు అన్న తేడా అప్పుడే తెలుగు సాహిత్యంలో మొదటిసారి గట్టిగా వినపడింది. అయితే తొడుక్కున్నదైనా నేనొక్కణ్ణే తొడుక్కోవాల్సి రావటంలో పేచీ ఇంకా మిగిలే ఉంది.

హైస్కూల్లో మాకు తెలుగు చెప్పిన మాస్టారు సమాసాలు బట్టీ పట్టించేవారు. చాలా ఏళ్ళ తర్వాత వాటి మీద నాకు వేరే ఆసక్తి పుట్టింది. 'తెలుగు ముస్లిం' అన్నది ఏ సమాసం? ద్వంద్వం అనుకుందామా అంటే, ద్వంద్వంలో రెండు పదాలకీ సమాన ప్రాధాన్యం ఉంటుంది. తల్లిదండ్రులు, రామలక్ష్మణులు. సమానత్వం బాగానే ఉంది గాని అక్కడ మనుషులు ఇద్దరు. 'తెలుగు ముస్లింలు' ద్వంద్వమైతే తెలుగువాళ్ళూ, ముస్లింలూ అని రెండు జనాలవుతాయి. రైల్లో పెద్దాయన అడిగిన ప్రశ్న ఆ లెక్కలోదే. పోనీ కర్మధారయమా? అక్కడ మనిషి ఒక్కడే, కానీ ఒక మాట పీట మీద కూర్చుంటే రెండోది పక్కన నిలబడాలి. తెలుగు ముస్లిం అంటే ముస్లిం పీట మీద, తెలుగు పక్కన. ముస్లిం తెలుగువాడు అంటే తిరగబడుతుంది. ఇద్దరికైతే సమానత్వం, ఒక్కడికైతే పెద్దరికం చిన్నరికం. ఇదేం న్యాయం అనుకుంటుంటే మాస్టారు చెప్పిన ఇంకో సమాసం గుర్తొచ్చింది. విశేషణ ఉభయపద కర్మధారయం. మృదుమధురం అంటే మృదువూ, మధురమూ అయినది. రెండూ విశేషణాలే. రెండూ ఒకే వస్తువుకి. మృదువు ముందా మధురం ముందా అని ఎవరూ కొట్టుకోరు. వ్యాకరణంలో నాకు ఇల్లు దొరికింది! బయట అద్దె ఇల్లు దొరకటానికే ఇంకా కష్టం.

అదే వ్యాకరణం ఇంకో గదిలో తలుపు గట్టిగా వేసింది. సంస్కృత పదాన్నీ, తెలుగు పదాన్నీ కలపటంలో కొన్ని తీరుల్ని ఒప్పుకుని, కొన్నిటికి 'వైరి సమాసం' అని పేరు పెట్టారు. శత్రువుల కలయిక అన్నమాట. ఉర్దూ పండితులేమీ తీసిపోలేదు. ఇజాఫత్ ఫారసీ, అరబ్బీ మాటల మధ్యే రావాలి, దేశీ మాటకు తగిలిస్తే తప్పు అన్నారు. రెండు భాషల్లోనూ బతికేవాడికి ఇది చిత్రంగా ఉంటుంది. ఒకరికొకరు దూరం దూరం అనే ఇద్దరు పెద్దమనుషులు ఒకే చట్టం రాసుకున్నారు.

జనం ఆ చట్టాన్ని పట్టించుకోలేదు. జిల్లా అన్నది అరబ్బీ మాట. ఆ భాషలో దానికి పక్కటెముక అని, పక్క అని అర్థం. అధికారి సంస్కృతం. జిల్లా, అధికారి కలిసి 'జిల్లాధికారి' అయింది. సవర్ణదీర్ఘ సంధి! రెండు సంస్కృత పదాల మధ్యే జరగాల్సిన సంధిని ఒక అరబ్బీ మాటతో జరిపించేసి, తెలుగు పత్రికలు ఏళ్ళ తరబడి అచ్చువేస్తున్నాయి. ఏ పండితుడూ ఆ జిల్లాను పక్కకు పిలిచి నీ పుట్టుకెక్కడ అని అడిగినట్టు లేదు. రాజీనామా కథ ఇంకా బాగుంటుంది. ఉర్దూలో రాజీనామా అంటే ఒడంబడిక పత్రం. తెలుగులోకి వచ్చి ఉద్యోగం వదిలిపోయే పత్రమైంది. ఉర్దూలో దానికి ఇస్తీఫా అంటాం. ఫలానా మంత్రి రాజీనామా అని తెలుగు పత్రికలో చూసి, తెలుగు అంతంతమాత్రం వచ్చిన ఒక ఉర్దూ విలేఖరి 'మంత్రిగారు ఎవరితో రాజీపడ్డారు?' అని నన్నడిగాడు. వచ్చిన మాట ఇక్కడి మాటై, ఇక్కడి అర్థం తెచ్చుకుని, పాత ఊరివాళ్ళకే అర్థం కాకుండా పోయింది.

ఇక మా ఇంట్లో మాట్లాడే దక్కనీ సంగతి. దీన్ని ఢిల్లీ, లక్నో వాళ్ళు వెక్కిరిస్తారు. సినిమాల్లో నవ్వించటానికి వాడుకుంటారు. 'వస్తానని చెప్పాడు' అన్నదాన్ని మా అమ్మ 'ఆతూఁ బోల్‌కే బోల్యా' అంటుంది. ఢిల్లీ ఉర్దూలో అయితే 'ఉస్‌నే కహా కి ఆవూఁగా'. అక్కడ చెప్పాడు అన్నది ముందొస్తుంది, మధ్యలో 'కి' వస్తుంది. మా అమ్మ వాక్యంలో వరస తెలుగుది. 'అని' అనే తెలుగు మాట ఉన్న చోట సరిగ్గా 'బోల్‌కే' కూర్చుంది. 'ఎందుకంటే' అన్నదాన్ని 'కైకూ బోలేతో' అంటాం. ఎందుకు, అంటే. విడదీసి చూడండి, ముక్కకు ముక్క తెలుగే. మాటలు ఉర్దూవి, ఎముకలు తెలుగువి. వద్దు అనటానికి వాడే 'నక్కో' మరాఠీ నుంచి వచ్చింది. జనాభా లెక్కలవాళ్ళు వచ్చి మాతృభాష అన్న గడిలో ఒక్కటే రాయాలంటే మా అమ్మ ఉర్దూ అని చెపుతుంది. అది నిజమే. కానీ ఆ గడిలో హైఫన్ పెట్టటానికి చోటున్నా, మా అమ్మ వాక్యంలో దాన్ని ఎక్కడ పెట్టాలో నాకు తెలీదు. ఇక్కడిదాకా ఉర్దూ, ఇక్కడ్నుంచి తెలుగు అని చూపించటానికి మధ్యలో సందు లేదు.

ఇది ఈనాటి ముచ్చట కూడా కాదు. గోలకొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్‌షాను తెలుగు కవులు మల్కిభరాముడన్నారు. సంస్కృత పదాలు లేకుండా అచ్చతెలుగులో రాసిన మొదటి కావ్యంగా చెప్పే పొన్నికంటి తెలగనార్యుడి యయాతి చరిత్ర అంకితమైంది పటాన్‌చెరు అమీన్‌ఖానుకి. అచ్చతెలుగు కావాలని వెతుక్కునేవాళ్ళు ఒక ఖానుగారి గుమ్మం ముందు తేలతారు. ఇంతమాత్రాన అది స్వర్ణయుగమని నేనను. సుల్తాను కొలువులో కవికి దక్కిన మర్యాద చేలో రైతుకి దక్కిందని ఎవరన్నారు? భాషలో కలయిక అన్నం పెట్టదు. దెబ్బలు ఆపదు.

నా సెక్యులర్ మిత్రులు ఇక్కడ ఒక మాటంటారు. ఎందుకయ్యా ఈ గొడవంతా, మనిషి అంటే చాలదా? చాలు. చాలా బాగుంటుంది. కానీ ఆ మాట ముందుగా చెప్పాల్సింది నాకు కాదు. ఏ విశేషణమూ లేకుండా ఇప్పటికే మనుషులుగా చలామణీ అవుతున్నవాళ్ళు తమ విశేషణం ఏమిటో ఒకసారి పైకి చెప్పాలి. అప్పుడు అందరం కలిసి వదిలేద్దాం. మసీదు మెట్ల మీద కూర్చునే పెద్దలు ఇంకో మాటంటారు. పహలే ముసల్మాన్ హై తూ, బాకీ సబ్ బాద్ మే. అల్లా ముందు ఆ వరస సరైందే, దాని మీద నాకు పేచీ లేదు. గుమాస్తా బల్ల ముందు వరస మాత్రం వేరే. అక్కడ 'మొదట ఏమిటి' అని అడిగేవాడు నా ఈమాన్ గురించి అడగటం లేదు.

అసలు మనం అడగటం లేదా? ఇంట్లో తెలుగే మాట్లాడుకునే దూదేకుల వాళ్ళను ఉర్దూ మాట్లాడే సయ్యదులు, షేకులు, పఠాన్లు ఎలా చూశారు? తురకలు లేని ఊళ్ళో దూదేకులవాడే ముల్లా అన్న సామెత తెలుగువాళ్ళు పుట్టించిందే కావచ్చు. దాన్ని విని నవ్విన ఉర్దూ ముస్లింలు నాకు తెలుసు. పెళ్ళి సంబంధం దగ్గర "వాళ్ళకి ఉర్దూ రాదు కదా" అని గొంతు తగ్గించి అనేవాళ్ళూ తెలుసు. ఉర్దూ రానివాడి ముస్లింతనానికి గీత పెట్టి, 'తెలుగు-ముస్లిం' అని కాస్త కిందికి దించి పలకటం మన ఇళ్ళలో ఉంది. వాళ్ళ పిల్లల్ని సూరాలు చదివి వినిపించమని అడిగే గొంతుకీ, నన్ను తెలుగువాడివేనా అని అడిగే గొంతుకీ నాకు పెద్ద తేడా వినపడదు. రెండు చోట్లా ఒకడు కుర్చీలో ఉన్నాడు, ఒకడు నిలబడి ఉన్నాడు.

ఆ మధ్య మా దగ్గరికి ఒక వార్త వచ్చింది. ఒక చిన్న పట్టణంలో ఆటో నడుపుకునే ఆయన కూతురికి మెడిసిన్ సీటు వచ్చింది. విలేఖరి 'ముస్లిం బాలికకు మెడిసిన్ సీటు' అని శీర్షిక పెట్టి పంపాడు. ఉర్దూ పత్రికకు తర్జుమా చేసినప్పుడు ఆ మాట ఉంచాను. ఉర్దూ పాఠకుడు దాన్ని మా పిల్ల అని చదువుతాడు. తెలుగు కాపీలో ఆ మాట కొట్టేసి 'ఆటో డ్రైవరు కూతురికి' అని పెట్టాను. అక్కడ అదే మాటను, ముస్లిం అయినా సరే సీటు తెచ్చుకుంది అని చదువుతారు. మూడో రోజు ఆ పిల్ల తండ్రి ఫోను చేశాడు. కృతజ్ఞతలు చెప్పి, కాసేపు నసిగి, "మావాళ్ళ పిల్ల అని రాయటానికి తెలుగు పేపర్లో జాగా లేకపోయిందా భాయ్?" అన్నాడు.

"పేరు చూస్తే తెలుస్తుంది కదా భయ్యా" అన్నాను.

"తెలిసేది రాస్తే ఏమవుతుంది? ఏదన్నా గొడవైనప్పుడు మాత్రం పేరు ముందు అది రాస్తారు గదా. ఇప్పుడు కూడా రాయాల."

అరగంట మాట్లాడుకున్నాం, సగం తెలుగులో, సగం దక్కనీలో. నేను నా కారణం చెప్పాను. ఆయన తనది చెప్పాడు. ఆయన ఒప్పుకోలేదు. నేనూ శీర్షిక విషయంలో నా మాట మీదే ఉన్నాను. ఆయన కూతురు డాక్టరై బోర్డు పెట్టుకునేనాటికి ఈ తగువు తేలకపోతే ఆమెనే అడుగుదామని చివరికి రాజీపడ్డాం.